పాస్టరు ఎద్దుకు సెలవెవరిస్తారు?

తుమ్మల అడవిలో జంతువులకు రెల్లుగడ్డి కప్పిన మందిరం ఒకటుంది. దాని పాస్టరుగారు తీతయ్య అనే ఎద్దు. ఓపికకు పెట్టింది పేరు. ఆదివారం అందరికీ సెలవు, ఆయనకు మాత్రం ఊపిరాడనంత పని. పోనీ సోమవారమైనా నడుం వాల్చుదామంటే కుందేళ్లింట్లో పుట్టినరోజు కూడిక, మేకలింట్లో జ్వరానికి ప్రార్థన. కాదనడం ఆయనకు చేతకాదు.

ఆ సోమవారం ఆయనకే జ్వరమొచ్చింది, గొంతు పోయింది. భార్య తబితమ్మకు ఒళ్లు మండింది. “ఇంకొక్క రోజు ఇలా తిరిగారంటే మీరు నాకు దక్కరు” అని ఏడ్చి, నేరుగా వెళ్లి రాజుగారి కార్మిక అధికారి ఏనుగుగారికి మొరపెట్టుకుంది.

ఏనుగుగారు వచ్చేసరికి సంఘ పెద్ద నక్క జెకరయ్య పాస్టరుగారింటి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

“వందనాలండీ. మందిరం వ్యవహారాల్లో సర్కారుకేం పని? రేపట్నుంచి ప్రసంగాలు కూడా మీరే రాసిస్తారా ఏంటి?”

“ప్రసంగాల జోలికి మేం రాం. పాస్టరుగారికి వారానికో సెలవిస్తున్నారా, అది చెప్పండి.”

“ఇవ్వడానికి నేనెవర్నండీ! ఆయనేమన్నా మా జీతగాడా? దేవుడి సేవకుడు. దేవుడు తప్ప ఆయనకు యజమాని లేడు.”

లోపల పడుకున్న తీతయ్య ఆ మాట విన్నాడు. నిజమే, తను ఇష్టపడి వచ్చిన సేవే. ఇంకెవర్ని అడుగుతాడు?

“యజమానే లేకపోతే నా చట్టం ఇక్కడ చెల్లదు” అంటూ ఏనుగుగారు వెనుదిరిగారు.

ఇక నక్కను పట్టుకోవడం ఎవరి తరం? ఆ హుషారులో లోపలికి కేకేశాడు. “పాస్టరుగారూ, లేవండి లేవండి! మా అమ్మాయి కొత్త బొరియలోకి దిగుతోంది. వచ్చి ప్రార్థన చెయ్యాలి. రాకపోతే ఊరుకునేది లేదు!”

ఏనుగుగారు ఆగారు. “జెకరయ్యగారూ, ఈ హుకుం దేవుడిదా, మీదా?”

నక్క ఇరుకున పడ్డాడు. దేవుడిదంటే సంఘమంతా నవ్వుతుంది. తనదంటే యజమాని తనే అవుతాడు, సెలవివ్వక తప్పదు.

“అబ్బే, హుకుం కాదండీ... బతిమాలుకుంటున్నా, అంతే.”

“బతిమాలితే కాదనొచ్చు. ఏమంటారు పాస్టరుగారూ?”

తీతయ్య భార్య వైపు చూశాడు. బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట, బొంగురు గొంతుతో అనేశాడు.

“ఇవాళ రానండీ.”

తబితమ్మ పకపకా నవ్వింది. నక్క తోక ముడిచాడు. కూతురింట్లో ప్రార్థన తనే మొదలుపెట్టి, సగంలో మాటలు మర్చిపోయి, చల్లగా ఆమెన్ అనేశాడట.

దేవుడి సేవకుడి చేత మన చాకిరీ చేయించుకుంటున్నప్పుడు, సెలవివ్వాల్సింది కూడా మనమే.