తాటాకుల కుప్ప ముందు నాలుగు గుడ్లు

వాగు పక్క బీడులో జంతువులకి కాలం మారిందని తెలిసేది ఫొటోల జోగినాథం మాస్టారిని చూసే. ఆయన మోకాళ్ళ దాకా బురదతో కప్పల వెంట పడితే వానాకాలం. మఫ్లరు చుట్టుకుని కొంగల కోసం కూర్చుంటే చలికాలం. ఎండలు మొదలయ్యాయంటే, తెల్లారకముందే తాటాకుల కుప్పలో దూరి, కెమెరా మూతి మాత్రం బయటపెట్టి కాచుకుంటాడు. ఇన్నేళ్ళలో ఆయనకి చిక్కనిది నక్క ఒక్కటే.

"ఆయనెక్కడ దాక్కున్నా గాలే నాకు వాసన చేరేస్తుంది. నా తోక నీడైనా ఆ డబ్బాలో పడలేదు," అని నక్క అందరితో చెప్పుకునేది.

ముసలి తీతువు పిట్ట బెంగ వేరు. గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. గుడ్లదీ రాళ్ళదీ ఒకటే రంగు. నిన్న నీళ్ళు తాగి వచ్చి, తన గుడ్లు తనకే కనబడక ఎండ నెత్తికెక్కేదాకా తిరిగింది. ఇంకాసేపైతే ఉడికిపోయేవే.

ఆ సంగతి నక్క చెవిన పడింది.

"ఏం అత్తా, మతి తప్పుతోందట?"

"తప్పుతోంది నాయనా."

"దానికింత దిగులెందుకు? చోటు నాకు చెప్పు. నేను గుర్తుపెట్టుకుని రోజూ నీకు చూపిస్తా. కుర్రబుర్ర, ఒకసారి వింటే పోదు."

తీతువుకి ప్రాణం లేచొచ్చింది. చెప్పబోయింది కూడా.

"ఇంతకీ ఎన్ని పెట్టావు?" అంది నక్క, మూతి నాక్కుంటూ.

తీతువు ఆగింది. దారి చూపించేవాడికి గుడ్ల లెక్కెందుకు?

"నాలుగు నాయనా. రేగుపొద దాటితే తాటాకుల కుప్ప ఉంది చూడు, సరిగ్గా దాని ముందే. తెల్లారగానే నేను నీళ్ళకి పోతా. కాస్త కనిపెట్టుకుని ఉండు."

మర్నాడు తెల్లారీ తెల్లారకుండానే నక్క పరిగెత్తుకొచ్చింది. కుప్ప ముందు ముక్కు నేలకానించి, అక్కడ లేని గుడ్ల కోసం రాళ్ళు వెతుకుతుంటే టకటకమని చప్పుడైంది. తలెత్తితే ఎదురుగా గుండ్రటి గాజు కన్ను. తోక ముడుచుకుని వాగు దాటేదాకా వెనక్కి చూడలేదు.

నాలుగు రోజులకి గేదె కబురు తెచ్చింది. "ఆ ఫొటో బడి గోడకి అంటించారు తీతువత్తా. నోట్లోంచి చొంగ కారుతూ ఉంది. పిల్లలు చొంగమామ అంటున్నారు."

అవతలి ఒడ్డు నుంచి నక్క నిష్ఠూరమాడింది. "కుప్పలో మనిషున్నాడని చెప్పలేదేం?"

"మరిచిపోయాను నాయనా," అంది తీతువు. "నువ్వు గాలి వాసన చూడ్డం మరిచిపోలా?"

ఆ తర్వాత తీతువు నీళ్ళకి ఎగిరి వెళ్ళడం మానేసింది. అడుగుజాడల వెంట మాస్టారు వంగి నడవడం ఎన్నిసార్లు చూడలేదు? తనూ దుమ్ములో నడిచి వెళ్ళి, తన అడుగులు చూసుకుంటూ వెనక్కి వచ్చేది. తొలకరి నాటికి దాని వెనక నాలుగు జతల చిన్న అడుగులు కూడా పడ్డాయి.

మతిమరుపు ఎంత ఉన్నా, మన గుర్తులు దాచమని ఆకలిగొన్నవాడి చేతికి ఇవ్వకూడదు.