సుంకమ్మ పేరున ఒక కండె

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. చదివింది అయిదో తరగతే. మా అవ్వ చెప్పిన కథ గనక ఆమె చెప్పినట్టే రాస్తున్నా. తప్పులుంటే దిద్దుకోండి.

రోడ్లు పుట్టని కాలం. కాలిబాటల కాలం. అప్పుడొక నేతోళ్ళ ఊరు. నలభై ఇళ్ళు, నలభై మగ్గాలు. ఊరికి ఏ పని పడినా ఇంటికొక కండె వేసేవాళ్ళు. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల. ఔననేవాళ్ళది ఒక కుప్ప, కాదనేవాళ్ళది ఒక కుప్ప. పెద్ద కుప్పదే మాట.

ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒంటరి మనిషి. కొండవతల గొర్రెల కాపర్ల ఆడవాళ్ళకు నల్లకోకలు నేసేది. వాళ్ళమ్మ నేర్పిన పని. ఆ కోకలే ఆమెకు కూడు.

ఒకసారి ఊరి నడుమ బావి తవ్వాలా అని కండెలు వేశారు. సుంకమ్మ కాదనింది. పెద్ద కుప్ప గెలిచింది. సుంకమ్మ సరే అని తట్టతో మన్ను మోసింది.

రెండోసారి, వీధిలో నూలు సాచి గంజి పట్టేది పొద్దున్నా, సాయంత్రమా అని వేశారు. పొద్దున వద్దనింది. పెద్ద కుప్ప గెలిచింది. సుంకమ్మ సరే అని కోడికన్నా ముందే లేచింది.

మూడో ఏడు వాన రాలేదు. పెద్దమనిషి చెన్నప్ప అన్నాడు: "మబ్బుకుండాల్సిన నలుపంతా సుంకమ్మ మగ్గం లాగేస్తోంది. ఇంక ఎవరూ నల్లనూలు ముట్టకూడదు."

కండెలు వేశారు. అటు ముప్పైతొమ్మిది, ఇటు ఒకటి. పెద్ద కుప్ప గెలిచింది. ఈసారి సుంకమ్మ సరే అనలేదు. మగ్గం ఆపలేదు.

చెన్నప్ప కత్తి పట్టుకుని, ఊరిని వెంటేసుకుని వచ్చాడు, ఆమె మగ్గం మీద సాచిన పడుగు నూలు కోసేయడానికి. నేతోళ్ళకు పడుగు కోస్తే పేగు కోసినట్టే.

"తప్పుకోవే. ఊరు చెప్పింది."

"తప్పుకుంటా మామా. ముందు ఇంకో మాటకు కండెలు వేయించు. మబ్బు నలుపు లాగేది నీ మీసమని నేనంటా. నా కోకకన్నా నల్లగుంది. గొరిగించాలా, వద్దా?"

ఊరు గొల్లుమంది. నేతోళ్ళ ఒళ్ళో కండెలకేం కొదవ? "గొరిగించాల్సిందే!" అని ఒకడు విసిరాడు. ఇంకొకడు విసిరాడు. చెన్నప్ప ఇంటి కండె ఆయన పెళ్ళామే వేసింది. "అంబలి తాగేటప్పుడు అడ్డంగా ఉందిలే" అనింది.

చెన్నప్ప కత్తి కింద పడేసి రెండు చేతులా మీసం మూసుకున్నాడు. "ఇది నా మొహం! ఊరిది కాదు!"

"ఇది నా మగ్గం మామా. బావి అందరిదీ, మన్ను మోశా. వీధి అందరిదీ, పొద్దున్నే లేచా. మగ్గం నాది."

నవ్వులు ఆగిపోయాయి. చెన్నప్ప వంగి కత్తి తీసుకున్నాడు. దాన్ని నడుముకు దోపుకుని ఇంటికి పోయాడు.

వాన రావాల్సినప్పుడు వచ్చింది. సుంకమ్మ నల్లకోకలు నేస్తూనే ముసలిదయింది, నేస్తూనే పోయింది.

ఆ ఊళ్ళో ఇప్పటికీ కండెలు వేసే ముందు "ఇది వీధిదా, ఇంటిదా?" అని అడుగుతారట. ఇంటిదైతే లేచిపోతారు. వీధిదైతే వేస్తారు. అప్పుడు కూడా చిన్న కుప్పలో సుంకమ్మ పేరున ఇంకో కండె పెడతారు. అటు ఎవరూ ఒక్కరే ఉండకూడదని.

ఇది రాసిన తెల్లారి మా పొదుపు సంఘం కూర్చుంది. మీటింగుకు అందరూ బొట్టు పెట్టుకునే రావాలని చేతులెత్తారు. చర్చికి పోయే సలోమి ఒక్కతే ఎత్తలేదు. నేను ఎత్తిన చెయ్యి దించి, చాప మీద జరిగి ఆమె పక్కన కూర్చున్నా.