జెర్రిపోతు పెంచిన ముంగిస

అనగనగా ఒక అడవిలో, ఈతపొదల మధ్య ఉన్న పుట్టలో, పొడుగమ్మ అనే జెర్రిపోతు ఉండేది. ఒక వాననాడు వాగులో కొట్టుకుపోతున్న పిల్ల ఒకటి కనిపిస్తే తోకతో చుట్టి ఒడ్డుకు లాగింది. బురద వదిలాక చూస్తే ఏముంది? ముంగిస పిల్ల! ఇంకా కళ్లయినా తెరవలేదు.

అడవి అడవంతా నోరు వెళ్లబెట్టింది. పాముకు పాలు పోసి పెంచొద్దంటారు కదా పిల్లలూ, ఇక్కడ పామే ముంగిసను పెంచుతానంది! బుల్లోడు అని పేరు కూడా పెట్టింది.

ఉడుము తాత పరుగున వచ్చాడు. "కొరివితో తల గోక్కుంటున్నావు పొడుగమ్మా! పాముల్ని చంపడం ముంగిస నుదుటి రాత. తరిమెయ్."

"రాత సంగతి రాసినవాడు చూసుకుంటాడు. ముందు వీడికి కప్పను పట్టడం నేర్పాలి," అంది పొడుగమ్మ.

బుల్లోడికి పళ్లొచ్చాయి. కప్పల్ని పట్టాడు, ఎలుకల్ని పట్టాడు, పుట్ట పక్కన అమ్మ పెట్టిన గుడ్లకు కాపలా కాశాడు. ఇంతలో పొడుగమ్మ కుబుసం విడిచే వేళ వచ్చింది. అప్పుడు పాము కళ్లకు పొర కమ్ముతుంది, ఏమీ కనపడదు. అందుకే సొంతవాళ్లెవరైనా వాకిట్లో కాపలా ఉండడం ఆ అడవి పాముల ఆచారం.

"నువ్వుండు నాన్నా," అంది పొడుగమ్మ.

చుట్టుపక్కల పాములన్నీ కొయ్యబారిపోయాయి. గుడ్డి పాముకు ముంగిస కాపలానా! బుల్లోడు కూడా హడలిపోయాడు.

అమ్మ లోపలికి వెళ్లగానే ఉడుము తాత మెల్లగా చేరాడు. "ఒరేయ్ మనవడా, లోపలి నుంచి వచ్చే పాము వాసన చూశావా? వెళ్లు, నీ రాత ప్రకారం కానివ్వు. గుడ్లు మాత్రం నాకు వదిలెయ్."

బుల్లోడికి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ తాత చెప్పిన రాత కబుర్లన్నీ గుడ్ల కోసమా! అంతకంటే ఘోరం ఇంకొకటి జరిగింది. ఆ వాసనకు వాడి పళ్లు నిజంగానే జివ్వుమన్నాయి. కాళ్లు వాటంతటవే లోపలికి నడిచాయి. అమ్మ మెడ దాకా వెళ్లి నోరు తెరిచాడు.

"నువ్వేనా నాన్నా? ఆకలేస్తోందా?" అంది పొడుగమ్మ, కదలకుండా.

బుల్లోడు టక్కున నోరు మూశాడు. అయ్యో, ఎంత పని చేయబోయాను! గిర్రున తిరిగి బయటికి ఉరికాడు. గుడ్ల దగ్గరికి పాకుతున్న ఉడుము కాలు పట్టి కొరికాడు, ఈడ్చి పొదల అవతల పడేశాడు.

"నీ రాతలో ఉన్నది పామురా, నేను కాదు!" అని లబోదిబోమన్నాడు ఉడుము.

"రాత చదవడం నాకు రాదు తాతా. గుడ్ల జోలికొచ్చినవాణ్ణి వదలొద్దని మా అమ్మ చెప్పింది, అదే తెలుసు."

పొడుగమ్మ కొత్త చర్మంతో మెరుస్తూ బయటికి వచ్చింది. బుల్లోడు భోరుమన్నాడు. "అమ్మా, నిన్ను కొరకబోయానే!"

"తెలుసురా. నీ ఊపిరి నా మెడకు తగిలింది."

బుల్లోడు కళ్లు తుడుచుకున్నాడు. "మరి పక్కకు జరగలేదేం?"

"జరిగితే, అమ్మకు నా మీద నమ్మకం లేదనుకుంటావు కదా," అంది పొడుగమ్మ.

నీతి: పుట్టుక పళ్లనిస్తుంది. వాటిని ఎవరి మీద వాడకూడదో పెంపకం నేర్పుతుంది.