వంతెన దగ్గర తడబాటు

ఒక రాజు ఆటపెట్టెలు చేయించి అమ్మేవాడు. పెట్టెను తెరకు తగిలించి మీటలు చేతిలోకి తీసుకుంటే తెర మీద కొండలూ నదులూ కోటలూ కనిపించేవి. వాటి మధ్య ఒక చిన్న బొమ్మమనిషి నిలబడి, ఎటు పొమ్మంటారా అని ఎదురుచూసేవాడు. ఆ దేశంలో గొడ్డూ గోదా లేని ఇల్లు ఉండేదేమో గానీ పెట్టె లేని ఇల్లు ఉండేది కాదు.

మొదట్లో ఆటలు బిళ్ళల మీద వచ్చేవి. బిళ్ళ కొనుక్కుంటే అది నీది. అటక మీద పెట్టుకో, పక్కింటివాళ్ళకు అరువియ్యి, గీతలు పడేసుకో, నీ ఇష్టం. తరవాత రాజుగారు బిళ్ళలు దేనికని ఆకాశంలో ఒక కొట్టు పెట్టించాడు. మీట నొక్కితే ఆట పైనుంచి నేరుగా పెట్టెలోకి దిగేది. దాన్ని డౌన్‌లోడ్ అన్నారు. దుమ్ము పట్టదు, ఎలక కొరకదు, అరువడగడానికి పక్కింటివాళ్ళు రారు. జనం సంతోషించారు. పైనుంచి దిగినదాన్ని చేత్తో పట్టుకోలేమన్న సంగతి అప్పుడెవరికీ తట్టలేదు.

కొత్త పెట్టె వచ్చినప్పుడు తట్టింది. కొన్నేళ్ళకొకసారి రాజు కొత్త పెట్టె చేయించేవాడు. అది పాతదానికన్నా వేగంగా ఉండేది, నునుపుగా ఉండేది. కానీ దానికి పాత పెట్టె భాష రాదు. పాత ఆటను అందులోకి దించితే అది గడప దగ్గరే నిలబడి, ఇది మా ఇల్లు కాదనేది. "కొన్న ఆటలు మావా, కావా?" అని జనం కోటకు వచ్చి అడిగారు. "ఆటలు మీవే, పెట్టే మారింది" అన్నారు గుమాస్తాలు. ఇల్లు నీదే గానీ లోపలికి రాకు అన్నట్టుందే అనుకుని, జనం కొత్త పెట్టెలు కొనడం మానేశారు.

అమ్మకాలు పడిపోయేసరికి రాజుకు పాత ఆటల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పాత ఆటలన్నీ కొత్త పెట్టెలో ఆడతాయని చాటింపు వేయించాడు. చాటింపు అయ్యాక, అదెలా అని మంత్రిని అడిగాడు. మంత్రి రెండు రోజులు తల పట్టుకుని కూర్చుని, చివరికి ఒక పగటివేషగాణ్ణి పిలిపించాడు.

ఆ వేషగాడు పనిలేక ఉన్నాడు. ఇంటింటా పెట్టెలొచ్చాక వీధిలో వేషాలు చూసేవాళ్ళు ఎవరున్నారు? కోటి విద్యలు కూటి కొరకే గనక పిలవగానే వచ్చాడు.

"నువ్వు కొత్త పెట్టె కడుపులో కూర్చోవాలి," అన్నాడు మంత్రి. "పాత ఆట దిగినప్పుడల్లా పాత పెట్టె వేషం కట్టాలి. ఇల్లు మారిందని ఆటకు తెలియకూడదు."

"చిత్తం. ముందు పాత పెట్టెను నాకు చూపించండి," అన్నాడు వేషగాడు.

వానాకాలమంతా అతను పాత పెట్టె ఎదురుగా కూర్చున్నాడు. అది ఎలా ఊపిరి తీస్తుందో, వేడెక్కితే ఎలా గురగురలాడుతుందో, ఏ ఆటకు ఏ మాట ముందు చెబుతుందో చూశాడు. అది అక్కడక్కడా తడబడేది. తెర మీద జనం ఎక్కువైనా, నీళ్ళు పారినా ఒక్క రెప్పపాటు ఆగిపోయి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడిచేది. పెద్దవాళ్ళు మెట్టు దగ్గర ఆగి, మోకాలి మీద చెయ్యి వేసుకుని ఎక్కుతారే, అలాగన్నమాట. వేషగాడికి ఆ తడబాటంటే ముచ్చటేసింది. అన్నిటికన్నా కష్టపడి నేర్చుకున్నది దాన్నే. కుంటివాడి వేషం కట్టి తిన్నగా నడిస్తే అది వేషం కాదు, బట్టలు మార్చుకోవడం అని అతని గురువు చెప్పేవాడు.

వేషం సిద్ధమయ్యాక రాజు చూడటానికొచ్చాడు. ఒక పాత ఆటను దించారు. ఆట గడప దాటి లోపలికొచ్చి, తన ఇంటికే వచ్చాననుకుని హాయిగా మొదలైంది. రాజు మీసం మెలేశాడు. అంతలో తెర ఒక్క క్షణం ఆగింది.

"ఏమిటిది? ఆగింది?"

"పాత పెట్టె ఇక్కడ ఆగుతుంది ప్రభూ."

"నేను అమ్మేది కొత్త పెట్టె. కొత్త పెట్టె ఆగదు. ఆ తడబాటు తీసెయ్."

"తీసేస్తే వేషం వెలితి పడుతుంది ప్రభూ."

"ఆ వెలితి ఎవడికి కనబడుతుంది?"

వేషగాడు తింటున్నది రాజుగారి ఉప్పు. తడబాటు తీసేశాడు.

అతన్ని పెట్టె కడుపులో కూర్చోబెట్టారు. రాజుగారి దగ్గరున్న మాయ ఏమిటో గానీ, అతను ఒక పెట్టెలో కూర్చుంటే దేశంలోని కొత్త పెట్టెలన్నిటిలోనూ కూర్చున్నట్టే. పాత ఆటలన్నీ బిలబిలమని దిగాయి. ఎవరి బొమ్మమనిషి ఎక్కడ ఆగిపోయాడో ఆకాశపు కొట్టుకు గుర్తుంది గనక, కొండ మీదున్నవాడు కొండ మీదే దిగాడు, కోటలో ఉన్నవాడు కోటలోనే దిగాడు. అన్నీ మునుపటికన్నా చురుగ్గా పరిగెత్తాయి. జనం మళ్ళీ పెట్టెలు కొన్నారు. వేషగాడికి శాలువా కప్పారు. పెట్టె లోపల కూర్చునేవాడికి శాలువా ఎందుకో ఎవరూ ఆలోచించలేదు.

అప్పుడు వలలు అల్లే ఆమె ఒకతె కోటకొచ్చింది. కొత్త పెట్టెను గంపలో పెట్టుకుని, తడవకుండా పాత వలగుడ్డ కప్పి తెచ్చింది.

"ఆట దిగిందా?" అడిగాడు గుమాస్తా.

"దిగింది బాబూ."

"తెరుచుకుందా?"

"తెరుసుకుంది."

"బొమ్మమనిషి నడుస్తున్నాడా?"

"నడుత్తన్నాడు."

"మరి నీ బాధేమిటి?"

"వంతెన దాటలేకపోతన్నాను బాబూ."

"పెళ్ళి చేశాం. కాపురం కూడా మమ్మల్నే చేసిపెట్టమంటావా? ఆడుకోవడం నీ పనమ్మా."

ఆమె వెళ్ళలేదు. కోట గుమ్మం పక్కన గంప దించుకుని, అక్కడే కూర్చుని వల అల్లుకోవడం మొదలుపెట్టింది. మర్నాడూ అక్కడే ఉంది, ఆ మర్నాడూ అక్కడే ఉంది. వచ్చేపోయేవాళ్ళు ఏమిటని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేది. ఇది కోటకు మంచిది కాదనుకుని మంత్రి వేషగాణ్ణి బయటికి పిలిపించాడు. నీ వేషంలో ఏమైనా లోపం ఉందేమో కనుక్కోమన్నాడు.

వేషగాడు వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఏం జరిగిందమ్మా?"

"నాకో తమ్ముడుండేవోడు బాబూ. ఇద్దరం సెరో బొమ్మని నడిపిత్తా ఈ ఆట ఆడేవోళ్ళం. ఇందులో ఓ ఏరుంటది. ఏటి మీద వంతెన, లేత్తా పడతా ఉంటది. అవతల గుడిసె. ఓ సారి ఆడు ముందు దాటేసి, గుడిసె అరుగు మీద కూకుని, 'నువ్వొచ్చేదాకా కదల్నే అక్కా' అన్నాడు. మర్నాడు సేపల ఏటకెల్లాడు. పడవొచ్చింది, ఆడు రాలేదు."

ఆమె చేతిలో వల అల్లిక ఆగలేదు.

"ఆటలో మాత్రం ఆడు అక్కడే కూకునున్నాడు. రోజూ పనయ్యాక వంతెన దాటెల్లి, ఆడి పక్కన కాసేపు కూకుని వచ్చేదాన్ని. మాటా లేదు, పలుకూ లేదు, కూకోడమే. పాత పెట్టె సచ్చిపోయింది. బాగుసేసేవోళ్ళు లేరు. మీ కొత్త పెట్టెలో ఆట దిగింది, ఆడూ దిగాడు. ఇవతలి గట్టు మీంచి కనబడతన్నాడు కూడా. నేను కాలు పెట్టేలోగా వంతెన లేసిపోతంది. నీళ్ళలో పడిపోతన్నాను."

"ఇదివరకు ఎలా ఉండేది వంతెన?"

ఆమె వల పక్కన పెట్టి, చేతిని మెల్లగా దించి, ఒక రెప్పపాటు నేల మీద ఆనించి, మళ్ళీ ఎత్తింది. "ఇలా ఆగేది. ఆ ఆగినప్పుడు కాలెట్టేదాన్ని."

వేషగాడికి సంగతి తెలిసిపోయింది. అక్కడ నీళ్ళు పారతాయి, అందుకని పాత పెట్టె ఆగేది. ఆట చేసినవాడికి తెలుసో తెలియదో గానీ, ఆ వంతెన నిలబడింది కర్ర మీద కాదు, పాత పెట్టె తడబాటు మీద. అతను నోరు తెరవబోయి, పక్కన మంత్రి ఉన్నాడని మానుకున్నాడు.

మంత్రి చెడ్డవాడేమీ కాదు. రాజుగారి చిత్రకారుల్ని పిలిచి, ఆమె ఆటను మళ్ళీ కొత్తగా చేయించాడు. ఏరు తళతళలాడింది. కర్ర వంతెన పోయి రాతి వంతెన వచ్చింది, ఏనుగులు నడిచినా కదలదు. ఆమె మీటలు పట్టుకుని, మొదటి అడుగులోనే దాటేసింది. అవతల గుడిసెకు పెంకులు వేసి, ముంగిట్లో బంతిపూలు నాటారు. అరుగు ఖాళీగా ఉంది.

"వంతెన బాగుందయ్యా," అంది ఆమె. "మడిసి లేడు."

"కొత్తగా కట్టినదాంట్లో మీ తమ్ముడు ఎలా ఉంటాడమ్మా?"

"నేనూ అదే అంటన్నాను."

ఇక కోట చేయగలిగిందేమీ లేదని మంత్రి ఆమెను పంపేశాడు. ఆమె గంప ఎత్తుకుని ఇంటికి పోయింది. వేషగాడు పెట్టెలోకి పోయాడు.

అక్కణ్ణించి అతనికి ఆమె పాత ఆట రోజూ కనబడేది. ఆమె గట్టు మీదికొచ్చేది, కాలు పెట్టేది, నీళ్ళలో పడేది. మళ్ళీ గట్టు మీదికొచ్చేది. అవతల అరుగు మీద ఆ పిల్లవాడి బొమ్మ ఏటి కేసి చూస్తూ కూర్చునే ఉండేది. వేషగాడికి భయం వేసేది. రాజుగారి మాట దాటితే తల ఉండదు. భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసేది. ఆమె పడుతున్నది ఏట్లో కాదు, తాను వేషంలో వదిలేసిన వెలితిలో. ఆ వెలితి ఎవడికి కనబడుతుందని రాజు అడిగిన ప్రశ్నకు జవాబు రోజూ గట్టు మీద నిలబడుతోంది.

ఒక పొద్దున ఆమె మళ్ళీ గట్టు మీదికొచ్చింది. వంతెన దిగింది. వేషగాడు తడబడ్డాడు.

ఆమె కాలు కర్ర మీద పడింది. గబగబా దాటేసి, గుడిసె దగ్గరికి పోయి, అరుగెక్కి, తమ్ముడి పక్కన కూర్చుంది. తెర ముందు ఆమె ఏడ్చింది. పెట్టె లోపల వేషగాడు కూడా ఏడ్చాడు. ఏడవడం పాత పెట్టె వేషంలో లేదు.

సరిగ్గా అప్పుడు రాజు సభలో పొరుగు రాజులకు కొత్త పెట్టెలో పాత ఆట ఆడి చూపిస్తున్నాడు. ఒక చోట వేషగాడు తడబడితే అన్ని చోట్లా తడబడినట్టే. సభలో తెర ఆగింది. "మా ఇంట్లో మూల పడేసిన పాత పెట్టె కూడా అచ్చం ఇలాగే ఆగేది" అని ఒక పొరుగు రాజు నవ్వాడు.

వేషగాణ్ణి సభకు ఈడ్చుకొచ్చారు.

"ఎందుకు ఆగావు?"

"వేషం కట్టమన్నారు ప్రభూ. ఇన్నాళ్ళూ ముప్పాతికే కట్టాను. ఇవాళ పూర్తిగా కట్టాను."

"వీడి తల తీసెయ్యండి!"

మంత్రి రాజు చెవి దగ్గరికి వంగాడు. "వీడి తల తీస్తే పాత ఆటలన్నీ మళ్ళీ గడప దగ్గరికి పోతాయి ప్రభూ. జనం పెట్టెలు మోసుకుని కోట మీదికొస్తారు."

రాజు చెయ్యెత్తి భటుల్ని ఆపాడు. సాయంత్రానికి చాటింపు వేశారు: 'రాజుగారి దయ వల్ల, పాత పెట్టెలోని సహజమైన తడబాటును కొత్త పెట్టెలో ప్రత్యేకంగా అమర్చడమైనది.' జనం మురిసిపోయారు. ఆ తడబాటు రుచే వేరన్నవాళ్ళున్నారు. అది లేని పెట్టెను ఇన్నాళ్ళూ ఎలా భరించామన్నవాళ్ళు కూడా ఉన్నారు. పెట్టెలు ఇంకా అమ్ముడుపోయాయి.

ఏళ్ళు గడిచాయి. కొత్త పెట్టె పాతదయింది. రాజు ఇంకో పెట్టె చేయించి, యథాప్రకారం చాటింపు వేయించాడు. పాతబడ్డ పెట్టె వేషం నేర్చుకోవడానికి వేరే మేళం నుంచి ఒక కొత్త వేషగాణ్ణి పంపారు. మొదటివాడికి అప్పటికి జుట్టు తెల్లబడింది. కొత్తవాడు అతని ఎదురుగా కూర్చుని ఊపిరీ నడకా మాటా అన్నీ పట్టుకున్నాడు. మంచి పనివాడు. ఒక్కచోట మాత్రం ఆగాడు.

"అన్నా, ఇక్కడ ఎందుకు తడబడుతున్నావు? ఆకాశపు కొట్టులో ఈ ఆట అమ్మడం మానేసి చాలా కాలమైంది. దించుకునేవాళ్ళు లేరు. ఇందులో మీట నొక్కేవాళ్ళు కూడా లేరు."

"రా, చూద్దువుగాని," అని ముసలి వేషగాడు పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఏరు పారుతోంది. గట్టు ఖాళీగా ఉంది. వంతెన ఎవరూ లేకుండానే దిగుతోంది, ఒక రెప్పపాటు ఆగుతోంది, లేస్తోంది. అవతల గుడిసె అరుగు మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. కొన్నేళ్ళ కిందట ఒక రోజు ఆమె ఎప్పటిలాగే దాటి వెళ్ళింది. ఆ రోజు ఇవతలికి రాలేదు. బయట ఏం జరిగిందో పెట్టెలో కూర్చున్నవాడికి తెలిసే దారి లేదు. తెలుసుకోవాలని అతనికి అనిపించలేదు కూడా.

"ఇద్దరూ అవతలే ఉన్నారు కదా," అన్నాడు కొత్తవాడు. "ఇక దాటేవాళ్ళెవరు? ఈ తడబాటు ఎవరి కోసం?"

"తిరిగి రావాలనిపిస్తే?" అన్నాడు ముసలి వేషగాడు.

కొత్తవాడు వంతెన ఒకసారి దిగి, ఆగి, లేవడం చూశాడు. తరవాత పంచె సర్దుకుని లేచి నిలబడి, ఎలా తడబడాలో మొదటినుంచి నేర్పమన్నాడు.