వీర్రాజుగారి వెనక వాటా

కాలవ అవతల చెరకు తోటలు అయిపోయి మెట్ట మొదలయ్యేచోట పాకల వాడ ఒకటుంది. మనుషులు ఎప్పుడో ఖాళీ చేసి పోయారు. ఇప్పుడక్కడ ఓనర్లందరూ నాలుగు కాళ్ళవాళ్ళే. ఓనరన్నాక రెండు కాళ్ళున్నా నాలుగు కాళ్ళున్నా బుద్ధి ఒకటేలెండి, ఆ సంగతి మీకే తెలుస్తుంది.

ఆ వాడలో సింహాచలం అనే ఉడుత కొత్తగా ఇళ్ళ బ్రోకరు పని మొదలెట్టాడు. పేరేమో సింహాచలం, ఒళ్ళేమో చింతకాయంత. పని నేర్పింది నక్క మల్లిబాబు. "ఒరే, ఈ పనిలో రెండే సూత్రాలు. ఓనరు మాటకి అడ్డం చెప్పకు. అద్దెకొచ్చినవాళ్ళకి అసలు కారణం చెప్పకు. ఈ రెండూ పట్టుకుంటే నీకు తిరుగులేదు" అని చెప్పి తన వాటా వేరుశనక్కాయలు తీసుకుని వెళ్ళిపోయాడు.

సింహాచలం స్వతహాగా మంచివాడు. మంచివాడు కాకపోతే సిగ్గుపడే పనే ఉండేది కాదు, మనకీ కథా ఉండేది కాదు.

మొదటి బేరం ఎద్దు వీర్రాజుగారిది. పన్నెండేళ్ళు దుక్కి దున్ని ఇప్పుడు పాకలో విశ్రాంతిగా ఉంటున్నాడాయన. పళ్ళు అరిగిపోయాయి, ఎండుగడ్డి నమల్లేడు. అందుకని వేసవి నాలుగు నెలలకీ సరిపడా ఉలవలు గాదె నిండా పోయించుకున్నాడు. నానబెట్టుకుని పూటకింత తింటే ప్రాణం నిలబడుతుంది. ఆ గాదె గోడనానుకునే వెనక వాటా, పైన అటకతో సహా ఖాళీగా ఉంది. అద్దె నెలకి రెండు మోపుల పచ్చగడ్డి.

టులెట్ బోర్డు కట్టిన సాయంత్రమే గుడ్లగూబ నూకరత్నమ్మ వచ్చింది.

"నేనుండే మామిడిచెట్టు ఇటికల బట్టీకి కొట్టేశారు నాయనా. గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. ఆ అటకొక్కటి చాలు నాకు. అద్దె నెల మొదట్లోనే తెచ్చి పడేస్తాను."

సింహాచలం బుద్ధిగా మర్నాడు ఆవిడ పాత ఓనరు దగ్గరికెళ్ళి వాకబు చేశాడు. తొర్రలు తొలిచి అద్దెకిచ్చుకునే వడ్రంగిపిట్ట అది.

"మూడేళ్ళుంది. ఒక్కనాడు గొడవ లేదు. చెట్టు కొట్టేస్తారని తెలిసి కూడా తొర్ర దులిపి మరీ అప్పగించింది. ఆవిడున్నన్నాళ్ళూ చెట్టు కింద ఎలుక గానీ పందికొక్కు గానీ కంటికి కనపడితే ఒట్టు. అవేగా ఆవిడ తిండి. అలాంటి మనిషి మళ్ళీ దొరకదయ్యా" అంది.

సింహాచలం తోక ఎగరేసుకుంటూ వీర్రాజుగారి దగ్గరికి పరిగెత్తాడు.

"మంచి పార్టీ దొరికిందండి. గుడ్లగూబ నూకరత్నమ్మగారు."

నెమరు ఆగింది. "నీసు తింటుందేంట్రా?"

"తింటారండి, కానీ..."

"కానీ లేదు గీనీ లేదు. మా ఇంటావంటా లేదు ఆ వాసన. శాకాహారుల్ని చూడు."

ఆవిడ తినేది ఎలుకల్నీ పందికొక్కుల్నీనండి, మీ గాదెకి అంతకంటే కాపలా ఏముంటుంది అన్న మాట సింహాచలానికి నాలిక చివరిదాకా వచ్చింది. ఓనరు మాటకి అడ్డం చెప్పకు అన్న సూత్రం గుర్తొచ్చింది. గుటకేసి మింగేశాడు. "అలాగేనండి" అన్నాడు.

నూకరత్నమ్మ సాయంత్రం మళ్ళీ వచ్చింది.

"పొద్దున్నే వేరేవాళ్ళకి ఇచ్చేశారమ్మా. ఒక్క పూటలో తప్పిపోయింది" అన్నాడు సింహాచలం, కాలవలోకి చూస్తూ.

ఆవిడ గుండ్రటి కళ్ళు అతని మొహం మీద ఒక్క క్షణం నిలిచాయి. తర్వాత అతని వెనక గుంజకి వేలాడుతున్న బోర్డు మీదికి మళ్ళాయి.

"బోర్డు తియ్యడం మరిచిపోయినట్టున్నావు నాయనా" అంది మెల్లగా. కోపం లేదు, వెటకారం లేదు. రెక్కలు విప్పుకుని వెళ్ళిపోయింది.

తిడితే బాగుండేది. సింహాచలానికి చెవుల దాకా వేడెక్కిపోయింది. ఆ రోజు అన్నం సయించలేదు. అయినా బోర్డు తియ్యలేదు. బేరం కావాలి కదా మరి.

మూడో రోజున వచ్చాడు పందికొక్కు పానకాలరావు. నుదుటిన ఇంత పొడుగు నామం, మెళ్ళో పూసలు. వస్తూనే వీర్రాజుగారి గిట్టలకి దణ్ణం పెట్టాడు. నీసు తింటావా అన్నదే ఆయన మొదటి ప్రశ్న.

"నీసు మాట దేవుడెరుగు, ఉల్లీ వెల్లుల్లీ కూడా ముట్టమండి" అన్నాడు.

వీర్రాజుగారి మొహం విచ్చుకుంది. అయినా అనుభవస్థుడు కదా, ఇంకో ప్రశ్న వేశాడు. "గాదె కింద పందికొక్కని సామెతుంది. ఏమంటారు?"

"ఎవడో ఒకడు చేసిన పనికి కులం మొత్తానికి పడ్డ నిందండి అది. తవ్వడం మా తాతలతోనే పోయింది."

"ఇదివరకు ఎక్కడుండేవారు?" అని సింహాచలం అడిగాడు.

"అదిగో, కాలవ దాటితే మేకల కొట్టం. గోడ పాతబడిపోయిందని వచ్చేశాం."

వెళ్ళి చూసొద్దామనుకున్నాడు సింహాచలం. నిజంగానే అనుకున్నాడు. కానీ మధ్యాహ్నం కునుకు ముంచుకొస్తోంది, వీర్రాజుగారు అప్పటికే తలూపేశాడు, పానకాలరావు మూటా ముల్లే దించేశాడు. ఇంకా వాకబంటే అనుమానపు మనిషినంటారేమోనని ఊరుకున్నాడు. కమీషను కింద దోసెడు వేరుశనక్కాయలు పుచ్చుకున్నాడు. అవి ఎందుకో చప్పగా ఉన్నాయి.

పానకాలరావు ఒక్కడే వస్తానన్నాడు. వారం తిరిగేసరికి బావమరిది దిగాడు, ఆ తర్వాత బావమరిది అత్తారు దిగారు. అద్దె గడ్డి మొదటి నెల వచ్చింది, రెండో నెల రాలేదు. పండగ వెళ్ళాక ఇస్తామన్నారు, ఏ పండగో చెప్పలేదు.

ఫాల్గుణం వచ్చింది, గట్టు మీద పచ్చిక ఎండిపోయింది. వీర్రాజుగారు ఉలవలు తీసుకుందామని గాదె మూత తోశాడు. పైన జానెడు మందాన ఉలవలు కనపడ్డాయి. మూతి పెట్టేసరికి ఆ జానెడూ జలజలా కిందికి జారిపోయింది. కింద అంతా డొల్ల, పొట్టు, మట్టి. వెనక వాటాలోంచి గాదె అడుక్కి దారి, బండి పట్టేంత.

కబురందుకుని సింహాచలం వచ్చేసరికి పానకాలరావు మూట కట్టుకుంటున్నాడు.

"ఏమయ్యా, శాకాహారినన్నావు" అన్నాడు వీర్రాజుగారు.

"ఇప్పటికీ అదే మాట మీదున్నానండి. మీరు నీసు తింటావా అనడిగారు, తిననన్నాను. ఉలవలు తింటావా అని మీరడగలేదు. ఉలవలు శాకాహారమే కదండీ."

మూట ముడి బిగించాడు.

పోతూ పోతూ పానకాలరావు సింహాచలం భుజం తట్టాడు. "ఇంకో ఇల్లు చూసిపెట్టవయ్యా. వేరే బ్రోకర్ల దగ్గరికి నేను పోను. నువ్వైతే ఇదివరకు ఉన్న ఇంటికెళ్ళి చూడవు కదా."

సింహాచలం ఆ మధ్యాహ్నమే కాలవ దాటాడు. పది గెంతులు కూడా పట్టలేదు. మేకల కొట్టానికి గోడ లేదు, మట్టి దిబ్బ ఉంది. "ఇప్పుడొచ్చావా నాయనా, చూడ్డానికి" అంది ముసలి మేక. సింహాచలానికి భూమి చీలితే బాగుండుననిపించింది.

తిరిగొచ్చేసరికి వీర్రాజుగారు ఎండుగడ్డి పరక నోట్లో వేసుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. నలగటం లేదు. పక్కకి ఉమ్మేసి ఇంకో పరక అందుకున్నాడు.

"నీ తప్పేం లేదురా" అన్నాడు ఉడుత మొహం చూసి. "మన వాడలోనే ఆ గాడిద లేడూ, సన్యాసి, వాడి పాకలో చేరిందట ఆ నూకరత్నమ్మ. అక్కడ గింజ పోలేదట. ఆవిడ తినేది ఈ వెధవల్నేనట. నీసు అనగానే నేను చెవులు మూసుకున్నాను. కొత్తవాడివి, నీకు మాత్రం ఏం తెలుసు."

ఆ మాట పట్టుకుని తప్పించుకోవచ్చు. మల్లిబాబయితే అవునండీ అని రెండు కన్నీటి చుక్కలు కూడా రాల్చేవాడు. సింహాచలం తల దించుకున్నాడు.

"తెలుసండి. ముందే తెలుసు. వడ్రంగిపిట్ట చెప్పింది."

నోరాడటం ఆగింది. "మరి చెప్పలేదేం?"

"మీరు ఓనరు కదండీ."

వీర్రాజుగారు కేకలెయ్యలేదు. నోట్లో పరక పక్కకి ఉమ్మేశాడు. తర్వాత అన్నాడు: "ఓనర్ని కాబట్టే చెప్పాలిరా. వాటా చూపించడానికి నువ్వెందుకు? తలుపు నా కొమ్ముతో నేనే తోసుకోగలను. నాకు తెలియంది నువ్వు చెబుతావనేగా నిన్ను పెట్టుకున్నాను."

సింహాచలం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకొస్తానండి."

"ఏమని పిలుస్తావు?" అన్నాడు ఎద్దు.

ఉడుత నోరు తెరిచాడు. ఆ రోజు బోర్డు మీదికి మళ్ళిన ఆవిడ గుండ్రటి కళ్ళు గుర్తొచ్చాయి. వీర్రాజుగారు మళ్ళీ గడ్డిపరక అందుకున్నాడు.

నీతి: అద్దెకొచ్చినవాడి కంచం కాదు, వాడు విడిచొచ్చిన ఇల్లు చూడాలి, చూసొచ్చిన మధ్యవర్తి చూసింది చెప్పాలి.