గుంజ దిగని రేగడి

కొండ దిగువన గొర్రెలు మేసే బీడును చూడ్డానికి రాజుగారి నేలల అధికారి శేషగిరి గుర్రమెక్కి వచ్చాడు. ఏళ్లుగా పెంట పడి నల్లబడిన పైమట్టిని చిటికెడు నలిపి, "మొదటి రకం నల్లరేగడి! రేపే నాగళ్లు దింపిస్తాను" అన్నాడు.

కాపరి బీరమ్మ ఆ మాట విని మంద వైపు చూసింది. మంద ఇంకెక్కడ మేయాలి? అయినా తమాయించుకుని, "గుర్రాన్ని ఇక్కడే గుంజ పాతి కట్టేస్తాను దొరా, కాస్త చల్ల తాగండి" అంది.

రెండు గుక్కలు తాగాడో లేదో, గుర్రం ఒక్క గుంజుతో కట్టిన గుంజను పెరుక్కుని లగెత్తింది!

శేషగిరి చేతిలో ముంత జారిపడింది. "అయ్యో! లోతుగా పాతలేదా ముసలీ?"

"బలమంతా పెట్టి కొట్టాను దొరా. బెత్తెడు కిందే బండ తగిలింది. గుంజే దిగని రేగడిలో మీ నాగలెట్టా దిగుద్ది?"

శేషగిరి, "రాళ్ల గరుసు నేల... మేతకే సరి" అని గొణిగి, గుర్రం వెనక పరుగెత్తాడు. దారిలో అతని కాలికి తగలని రాయి లేదు.