పూజ కాని అప్పం

బ్రదర్ శౌరికి కంటి మీద కునుకు లేకుండా చేస్తున్న సంగతి ఒకటే. పిల్లలు దేవుడి అప్పాన్ని అప్పడం నమిలినట్టు నములుతున్నారు.

ఫిబ్రవరిలో గుడి పండుగ. ఆ రోజు ఏడో తరగతి పిల్లలకి మొదటి సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే పల్చటి గోధుమ అప్పాన్ని క్రీస్తు శరీరంగా తొలిసారి అందుకోవటం. వాళ్ళని తయారు చేసే పని ఈ గుడినీ దీని కింది పల్లెల్నీ చూసే విచారణ గురువు రాయప్ప గారు శౌరికి అప్పజెప్పారు. శౌరి ఇంకా గురువు కాలేదు. గురుమఠంలో సగం చదువు అయ్యాక, మిగతా సగానికి ముందు ఒక ఏడాది పల్లెల్లో పని నేర్చుకు రమ్మని పంపితే పల్నాటిలోని ఈ విచారణకి వచ్చాడు. సిలువ గుర్తు వేసుకునేటప్పుడు కూడా తెల్లంగీ ఇస్త్రీ నలగనివ్వని మనిషి. మంచివాడే. కాకపోతే తన మంచితనం తనకి బాగా తెలుసు.

పిల్లలకి ప్రశ్నలూ జవాబులూ నోటికి వచ్చేశాయి. "పూజకి ముందు అప్పం ఏమిటి?" అని అడిగితే "ఉత్త గోధుమ పిండి బ్రదర్" అని అరిచేవారు. "పూజలో గురువు దాన్నెత్తి క్రీస్తు మాటలు పలికిన తర్వాత?" అంటే "క్రీస్తు శరీరం బ్రదర్" అని ఇంకా గట్టిగా అరిచేవారు. గోడ మీది బల్లికి కూడా వచ్చేసి ఉంటుంది.

కానీ పూజ కాని అప్పాలు చేతికిచ్చి, వరసలో నిలబెట్టి, ఎలా తీసుకోవాలో నేర్పబోతే అసలు సంగతి బయటపడింది. ఇన్నారెడ్డి గారి మనవడు తన అప్పాన్ని క్యారమ్ బిళ్ళలా వేలితో కొట్టి ముందువాడి చొక్కాలో పడేశాడు. గుడికి కొత్త గంట చేయించి ఇచ్చింది ఇన్నారెడ్డి గారే. శౌరి నవ్వి, ఆ పిల్లాడి తల మీద మెల్లిగా తట్టి ఊరుకున్నాడు. రాత్రికి మాత్రం బెంగ పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం రాయప్ప గారి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. పెద్దాయనకి డెబ్బై దాటాయి. ప్రసంగం త్వరగా ముగిస్తారని ఊళ్ళో సగం మందికి ఆయనంటే ఇష్టం, మిగతా సగానికి అందుకే కోపం. అప్పుడాయన వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"వాళ్ళకి భక్తి రావటం లేదు ఫాదర్," అన్నాడు శౌరి. "జవాబులన్నీ వచ్చు. చేతిలో ఉన్నదేమిటో మాత్రం తెలియటం లేదు. ఎలా చెప్తే తెలుస్తుంది?"

"ఆకలేసిన పిల్లకి రొట్టె గురించి పాఠం అక్కర్లేదు శౌరీ," అన్నారు రాయప్ప గారు, కాయ మీద నుంచి కళ్ళెత్తకుండా.

శౌరి ఆ మాటని కళ్ళకద్దుకుని పట్టుకుపోయాడు. గురువుల మాటలతో వచ్చిన చిక్కే అది. చెప్పినాయన మళ్ళీ చిక్కుడుకాయల్లో పడిపోతాడు. విన్నవాడు దాన్ని భుజాన వేసుకుని ఊరి మీదికి వెళ్తాడు.

"వచ్చే ఆదివారం అందరూ ఉపవాసంతో రావాలి," అని శౌరి పిల్లలకి చెప్పాడు. "శనివారం రాత్రి అన్నం తినకూడదు. పొద్దున కూడా ఏమీ తినకూడదు. మంచినీళ్ళు తాగొచ్చు. ఆకలంటే ఏమిటో తెలిస్తేనే క్రీస్తు విలువ తెలుస్తుంది." సత్ప్రసాదానికి గంట ముందు నుంచి తినకుండా ఉంటే చాలన్నది నియమం. ఆ గంటని శౌరి ఒక రాత్రికి సాగదీశాడు. పెద్దాయనతో ఒక మాట అనలేదు.

ఆదివారం పూజ అయిపోయింది. పెద్దలు ఇళ్ళకి వెళ్ళిపోయారు. గుడిలో పిల్లల్ని కూర్చోబెట్టి, "ఎవరెవరు తినకుండా వచ్చారు?" అని శౌరి అడిగాడు. అన్ని చేతులూ లేచాయి. లేచిన చేతుల్లో చాలావాటికి అల్లం పచ్చడి వాసన ఇంకా వదల్లేదు. శౌరి అంత దగ్గరికి వెళ్ళి చూడలేదు. గుండె నిండిపోయి, ఎండెక్కేదాకా ఆకలి గురించి పాఠం చెప్పాడు. చివరికి పిల్లలకి కాసేపు విరామం ఇచ్చి, అది ముగిసే వేళకి అప్పాల ప్యాకెట్ తేవటానికి పూజ సామాన్ల గదిలోకి వెళ్ళాడు.

అల్మారా పక్కన నేల మీద ఆగ్నేసు కూర్చుని ఉంది. ఒళ్ళో ప్యాకెట్ ఉంది. నోరు నిండా అప్పాలున్నాయి.

ఆగ్నేసుది ఊరి చివర పల్లె. తల్లి మిరప కోతలకి గుంటూరు వైపు వెళ్ళి నెల దాటింది. అమ్మమ్మ మార్తమ్మ దగ్గర ఉంటుంది. పాఠంలో వెనక వరసలో కూర్చుంటుంది. అడిగితే చెప్తుంది, తనంతట తాను చెయ్యెత్తదు. ఇప్పుడు శౌరిని చూసి పారిపోలేదు. నోట్లోది మింగటానికి నానా తంటాలు పడింది.

శౌరి ఆ పిల్ల రెక్క పట్టుకుని అందరి ముందుకీ లాక్కొచ్చాడు.

"దేవుడి గుళ్ళో దొంగతనమా? అదీ దేవుడి అప్పమా? ఎందుకు తిన్నావు?"

"పూజ కాకముందు అది ఉత్త పిండేనని మీరే చెప్పారుగా బ్రదర్," అంది ఆగ్నేసు.

పిల్లలు గొల్లున నవ్వారు. అప్పాలు పోయినందుకు శౌరికి అంత కోపం రాలేదు, ఆ నవ్వుకి వచ్చింది. తన మాటని తన మొహానే కొట్టిందనుకున్నాడు. ముఖం కందగడ్డలా అయిపోయింది.

"నీకు సత్ప్రసాదం లేదు. ఇంటికి పో. మళ్ళీ ఈ వరసలో నిలబడొద్దు."

ఆగ్నేసు లంగా కొసతో మూతి తుడుచుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, పూజ అయిన అప్పాలుండే మందసం వైపు తిరిగి మోకరించింది. అతను ఎలా నేర్పాడో అలాగే, కుడి మోకాలు నేలకి తగిలేలా. తర్వాత వెళ్ళిపోయింది.

శౌరి సగమైన ప్యాకెట్ పట్టుకుని రాయప్ప గారి దగ్గరికి పరుగున వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. ఉపవాసం సంగతి కూడా చెప్పాడు, కొంచెం గర్వంగానే. పెద్దాయన అంతా విన్నారు.

"మందసంలోవి ముట్టుకుందా?"

"లేదు ఫాదర్. ఇవి సిస్టర్లు పంపిన కొత్త ప్యాకెట్‌లోవి."

"మందసం తాళంచెవి ఎక్కడుంది?"

శౌరి జేబు తడుముకున్నాడు. గొంతు తగ్గింది. "దానికే ఉండిపోయింది ఫాదర్. పూజ అయ్యాక తియ్యటం మర్చిపోయాను."

"అయితే పూజైనవీ కానివీ రెండూ చేతికందేలాగే ఉన్నాయన్నమాట," అన్నారు రాయప్ప గారు.

ఆయన ప్యాకెట్ అందుకుని అప్పాలన్నీ కంచంలో పోశారు. వంట మరియన్నని కేకేసి గోంగూర పచ్చడి తెమ్మన్నారు. ఒక్కో అప్పాన్నీ పచ్చడిలో అద్దుకుని నోట్లో వేసుకోవటం మొదలుపెట్టారు.

"ఉప్పు లేదు వీటిల్లో," అన్నారాయన. కంచం శౌరి వైపు జరిపారు. "తిను."

శౌరి చెయ్యి ముందుకు రాలేదు.

"పిండే కదయ్యా. నువ్వేగా నేర్పావు?"

శౌరి తల దించుకున్నాడు.

"రాత్రి ఏం తిన్నావు?"

"అన్నం, పప్పు ఫాదర్."

"పొద్దున?"

శౌరి మాట్లాడలేదు. గుమ్మంలో నిలబడ్డ మరియన్నకి ఆ మౌనం అర్థం కాలేదు, పాపం. "ఉప్మా పెట్టానుగదండీ," అన్నాడు. "పూజకి ఇంకా చాలా టైముందని జీడిపప్పులు ఏరుకుని మరీ తిన్నారు."

రాయప్ప గారు ఇంకో అప్పం తుంచారు. "ఆ పిల్ల ఏం తిందో?"

ఎవరికీ తెలియదు. కనుక్కోమని ఆయన అనలేదు. శౌరి కూడా వెళ్ళలేదు. వెళ్ళాలని ఉంది, కానీ అందరి ముందూ గెంటేసిన పిల్ల గడపలోకి బ్రదర్ అన్నవాడు ఎలా వెళ్తాడు? ఆ గుంజాటనలో రోజులు గడిచాయి. ఫర్వాలేదు రమ్మన్నానని తోటి పిల్లలతో కబురు పెట్టాడు. ఆగ్నేసు రాలేదు. రాయప్ప గారు ఆ ఊసే ఎత్తలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం శౌరి కంచం పక్కన ఒక అప్పం, దాని పక్కన కాస్త గోంగూర పెట్టేవారు. శౌరికి అన్నం సహించటం మానేసింది.

పండుగకి ముందురోజు మధ్యాహ్నం అరకొరగా తిని లేచి, పల్లెకి వెళ్ళాడు.

మార్తమ్మ వాకిట్లో కూర్చుని రంగు పోయిన తాలు మిరపకాయలు ఏరుతోంది. శౌరిని చూసి గబగబా లేచి, గోనెపట్టా దులిపి పరిచింది.

"మీరు రావాల్నా బ్రదర్ గారూ. కబురంపితే నేనే వచ్చేదాన్నిగా. దానికి బుద్ధి చెప్పాలెండి. కర్ర ఇరిగిందాకా కొట్టా." తను చెయ్యవలసింది చేశానని ఒప్పజెబుతున్నట్టుగా ఉంది ఆమె గొంతు. "వాళ్ళమ్మ కోతల కాడ్నించి తెల్లగౌను కుట్టిచ్చి పంపింది. ఇంక దీనికెందుకని పక్కింటి పిల్లకిచ్చా."

శౌరికి గోనెపట్టా మీద కూర్చోవాలనిపించలేదు. నిలబడే అడిగాడు. "ఆ శనివారం రాత్రి ఇంట్లో అన్నం లేదా అమ్మా?"

"ఎందుకు లేదండీ? వండా. చారు కూడా కాశా. మా బ్రదర్ తినొద్దన్నారని మూతి బిగించుకుని పడుకుంది. పొద్దున్నే చద్దన్నం కలిపి నోటికాడ పెట్టినా తినలా. అంతకుముందు మధ్యాన్నం బళ్ళో తిన్నదే. అంత ఉపవాసం ఉన్నది కాస్త ఓపిక పట్టకూడదా, సెప్పండి? ఎదవ ఆకలి."

ఆ ఆదివారం చేతులెత్తిన పిల్లలందరూ శౌరికి ఒక్కసారిగా కళ్ళ ముందు మెదిలారు. తన మాట విన్న పిల్ల ఆ గుళ్ళో ఒక్కతే ఉంది. ఆ ఒక్కదాన్నీ అతనే గెంటేశాడు.

ఆగ్నేసు నీళ్ళబిందెతో వచ్చి, అతన్ని చూసి ఆగింది. మోచేతి దగ్గర వాతలు ఇంకా మానలేదు.

"ఆగ్నేసూ, రేపు రా అమ్మా," అన్నాడు శౌరి. "తప్పు నాదే. గౌను సంగతి నేను చూస్తాను. అందరితో పాటు నువ్వూ తీసుకో."

ఆ పిల్ల అతని వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండునని శౌరి అనుకున్నాడు. కోపం లేదు.

"నాకు ఆకలిగా లేదు బ్రదర్," అంది.

మార్తమ్మ నెత్తి కొట్టుకుంది. "చూశారా దీని పొగరు?" ఆగ్నేసు బిందె దించి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. చప్పుడు కాకుండా వేసుకుంది. శౌరి వెనక్కి తిరిగాడు.

తిరిగొచ్చి రాయప్ప గారికి ప్రతి మాటా చెప్పాడు. తన మాటలూ చెప్పాడు, ఆ పిల్ల మాటా చెప్పాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నారు. ఆకలి గురించిన ఆ మొదటి మాట ఎవరు అన్నారో ఆయనకి మాత్రం గుర్తు లేదా?

"నేనేం చెయ్యాలి ఫాదర్?"

రాయప్ప గారు లేచి గదిలోకి వెళ్ళిపోయారు. ఆ రాత్రి వసారాలో ఇద్దరి కంచాలూ బోర్లించే ఉన్నాయి.

పండుగ పూజకి గుడి కిక్కిరిసిపోయింది. కొత్త గంట మోగింది. తెల్లబట్టల్లో పిల్లలు పీఠం ముందు బారుగా నిలబడ్డారు. ఎత్తుల ప్రకారం ఎవరి చోటు ఏదో శౌరి ముందే నేర్పి ఉంచాడు. ఆగ్నేసు చోటు ఇన్నారెడ్డి గారి మనవడి పక్కన. దాన్ని మూసెయ్యటానికి శౌరికి మనసొప్పలేదు. అలాగే ఖాళీగా వదిలేశాడు.

రాయప్ప గారు అప్పాల గిన్నెతో పీఠం దిగి వచ్చారు. "క్రీస్తు శరీరము" అన్నారు, "ఆమెన్" అన్నారు పిల్లలు. అలా ఒక్కొక్కరికీ ఇస్తూ ఖాళీ చోటు దగ్గరికి వచ్చి ఆగారు. అప్పాన్ని పైకెత్తి పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. పాట పాడేవాళ్ళకి ఏమైందో తెలియక పాట ఆపేశారు. వెనక నుంచి తలలు లేచాయి. ఎవరూ ఆమెన్ అనలేదు. ఆయన ముందుకి కదిలారు. ఇన్నారెడ్డి గారి మనవడు గుడంతా వినపడేలా ఆమెన్ అన్నాడు.

వరస చివర బ్రదర్ శౌరి ఉన్నాడు.

నిన్న మధ్యాహ్నం నుంచి అతను పచ్చి గంగ కూడా ముట్టలేదు. పేగులు మెలితిరుగుతున్నాయి. చేతులు చాచి, తలెత్తి, ఆ రెండు మాటల కోసం ఎదురుచూశాడు.

రాయప్ప గారు అప్పాన్ని అతని కళ్ళ ముందుకి ఎత్తారు. ఆ రెండు మాటలూ అనలేదు. అతనికొక్కడికే వినపడేలా అడిగారు.

"ఆకలిగా ఉందా, శౌరీ?"

శౌరికి అన్ని ప్రశ్నలకీ జవాబులు వచ్చు. చాచిన చేతులు వెనక్కి తీసుకుని, పక్కకి తప్పుకుని, ఆ ఖాళీ చోట మోకరించాడు.